పైకప్పులో దాగే డక్టెడ్ ఏసీ ఎంచుకోవడం: గాలి దారి ముందు, యంత్రం తర్వాత

గోడ మీద ఏసీ పెట్టె కనిపించకూడదు, చల్లదనం మాత్రం గది అంతా సమంగా పరుచుకోవాలి అనుకునేవాళ్లు ఎంచుకునేది డక్టెడ్ మినీ స్ప్లిట్. ఫాల్స్ సీలింగ్ పైన బ్లోయరు, కూలింగ్ కాయిలు ఉన్న సన్నటి పెట్టె వేలాడుతుంది. దాని ముందు మూతి నుంచి వచ్చే చల్లగాలి డక్టులో, అంటే గాలి గొట్టంలో నడిచి సప్లై గ్రిల్ గుండా గదిలోకి దిగుతుంది. గదిలోని వెచ్చటి గాలి రిటర్న్ గ్రిల్ అనే మరో గ్రిల్ గుండా వెనక మూతికి చేరుతుంది. బయట కంప్రెసర్ ఉన్న యూనిట్, మధ్యలో రెండు కాపర్ పైపులు, ఒక డ్రెయిన్ పైపు, తీగలు మామూలు స్ప్లిట్‌కి ఉన్నట్టే ఉంటాయి.

గోడ ఏసీకి గాలి దారి ఫ్యాక్టరీలోనే తయారై వస్తుంది. డక్టెడ్ ఏసీకి ఆ దారిని ఇంట్లో కట్టుకోవాలి. అంటే సగం యంత్రం మీ పైకప్పులో, మీ పనివాళ్ల చేతుల్లో తయారవుతుంది. సరిగా చల్లబడని డక్టెడ్ ఏసీని విప్పి చూస్తే చాలాసార్లు కంప్రెసర్ బాగానే ఉంటుంది. తప్పు ఇరుకు రిటర్న్ గ్రిల్‌లోనో, నలిగిన డక్టులోనో, ఎవరూ మార్చని ఫ్యాన్ సెట్టింగ్‌లోనో బయటపడుతుంది. అందుకే బ్రాండు, మోడలు చివరికి వదిలేసి, గాలి ఎక్కడ బయలుదేరి ఎక్కడికి తిరిగి రావాలో ముందు తేల్చుకోవాలి.

1. పైకప్పు ఎత్తు కొలవండి

సన్న రకం పెట్టెల మందం సుమారు 200 నుంచి 250 మిల్లీమీటర్లు. పైన శ్లాబుకీ పెట్టెకీ మధ్య ఖాళీ, కింద సీలింగ్ చట్రం, డ్రెయిన్ వాలు అన్నీ కలిపితే 300 నుంచి 350 మి.మీ. కిందికి దిగాలి. శ్లాబు 3 మీటర్ల ఎత్తులో ఉంటే ఆ చోట మిగిలేది 2.65 మీటర్లు. గది మొత్తానికి ఇంత దించితే గుహలా అనిపిస్తుంది.

దీనికి మంచి ఉపాయం, గది మొత్తం దించకుండా తలుపు పక్క నడవా మీదో, బాత్‌రూమ్ మీదో, వార్డ్‌రోబ్ మీదో మాత్రమే దించడం. పెట్టె అక్కడ దాక్కుంటుంది. దించిన భాగం నిలువు ముఖంలో పొడవాటి గ్రిల్ పెడితే గాలి అడ్డంగా గదిలోకి వెళ్తుంది, మిగతా గది పూర్తి ఎత్తుతో ఉంటుంది. డక్టు పొడవు కూడా దాదాపు లేనట్టే. పడకగదికి మేం మొదట చూసే అమరిక ఇదే.

దూలాలు ఎక్కడెక్కడ దిగాయో కూడా ఈ దశలోనే గుర్తించాలి. దూలం కింద నుంచి డక్టు వెళ్లాలంటే సీలింగ్ ఇంకా దిగాలి. దూలానికి రంధ్రం వేద్దామని ఎవరైనా అంటే, స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క చూసి ఒప్పుకుంటే తప్ప ఆ మాట వినకండి.

బయటి యూనిట్ చోటు కూడా ఇప్పుడే చూడండి. అది వేడిగాలిని వదలడానికి ముందు దాదాపు ఒక మీటరు తెరిపి ఉండాలి. ఇరుకు షాఫ్టులో పెడితే తాను వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది. దగ్గరికి మనిషి చేరలేని చోట పెడితే కాయిలు కడగడం ఎవరివల్లా కాదు.

2. వేడి లెక్క: చదరపు అడుగులను నమ్ముకోకండి

ఇన్ని చదరపు అడుగులకు ఒక టన్ను అనే లెక్క తొందరగా అయిపోతుంది గానీ ఒకే కొలతలున్న రెండు గదులకు అవసరం రెండింతల తేడాతో ఉండవచ్చు. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్), అంటే 3.5 కిలోవాట్ల వేడిని బయటికి తోయడం.

20 చదరపు మీటర్ల పై అంతస్తు గదిని తీసుకోండి. ఇన్సులేషన్ లేని కాంక్రీటు శ్లాబు ఒక చదరపు మీటరు గుండా, ఒక డిగ్రీ తేడాకు, సుమారు 3 వాట్ల వేడిని లోపలికి పంపుతుంది. ఎండకు కాలిన శ్లాబు పైభాగం, గది గాలి మధ్య తేడా 20 డిగ్రీలు అనుకుంటే పైకప్పు నుంచే 1,200 వాట్లు. అదే శ్లాబు మీద మంచి ఇన్సులేషన్ వేసి ఆ విలువను 0.4కి తెస్తే 160 వాట్లు. తేడా వెయ్యి వాట్ల పైమాటే, అంటే దాదాపు మూడో వంతు టన్ను. పడమటి కిటికీది ఇదే కథ. నీడ లేని 2 చదరపు మీటర్ల మామూలు అద్దం సాయంత్రం పూట 800 వాట్లు తేలిగ్గా లోపలికి వదులుతుంది. ఆ ఎండను కర్టెన్ కన్నా బయటి సన్‌షేడ్ ఎంతో బాగా ఆపుతుంది, ఎందుకంటే కర్టెన్ ఆపేసరికి వేడి అప్పటికే గదిలో ఉంటుంది.

కాబట్టి గది గదికీ విడిగా లెక్క వేయించండి. పైకప్పు, గోడల దిశ, అద్దం, మనుషులు, దీపాలు, పరికరాలు, సందుల్లోంచి వచ్చే బయటి గాలి అన్నీ అందులో ఉండాలి. వచ్చిన అంకెకు భద్రత కోసమని సగం టన్ను కలిపేయకండి. అవసరానికి మించిన యంత్రం గదిని చప్పున చల్లబరిచి ఆగిపోతుంది. తేమ తీయాలంటే కాయిల్ చాలాసేపు చల్లగా ఉండాలి, ఆ సమయం దానికి దొరకదు. అప్పుడు గది 24 డిగ్రీల్లో ఉన్నా ఒళ్లు జిగటగా ఉంటుంది, దుప్పట్లు చెమ్మగా తగులుతాయి.

ఇన్వర్టర్, అంటే కంప్రెసర్ వేగం మార్చుకునే రకం అయితే తగ్గించుకుని నడుస్తుంది కదా అని అడుగుతారు. నడుస్తుంది, కానీ దానికీ ఒక కింది హద్దు ఉంది. స్పెసిఫికేషన్ పట్టికలో కనిష్ఠ సామర్థ్యం అని రాసి ఉంటుంది. రాత్రి రెండు గంటలకు గదికి 800 వాట్లే అవసరమైనప్పుడు, కనిష్ఠం 1 కిలోవాట్ ఉన్న యంత్రం దాదాపు ఆగకుండా నడుస్తుంది. కనిష్ఠం 2 కిలోవాట్లు ఉన్నది ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతే ఈ అంకె తక్కువ ఉన్నదాన్ని తీసుకోండి.

3. ఒక యంత్రానికి ఎన్ని గదులు?

ఒకే పెట్టె నుంచి రెండు మూడు గదులకు డక్టులు లాగడం వీలవుతుంది. కానీ థర్మోస్టాట్ ఒకటే. అది ఉన్న గది చల్లబడగానే యంత్రం వేగం తగ్గిస్తుంది, పడమటి గది అప్పటికి ఉడుకుతూనే ఉండవచ్చు. ఒకే దిక్కుకు ఉన్నవి, ఒకే వేళల్లో వాడేవి, తలుపు ఎక్కువగా తెరిచే ఉండేవి అయితే కలపండి. హాలు, దాన్ని ఆనుకున్న భోజనాల చోటు బాగా కలుస్తాయి. ఇద్దరి పడకగదులు కలవవు. మోటారుతో తెరిచి మూసే డ్యాంపర్లు పెట్టి జోన్లు చేయవచ్చు. అయితే ఒక గది మూసినప్పుడు మిగిలిన గాలి అంతా రెండో గది గ్రిల్ మీద పడి రొద చేస్తుంది. ఫ్యాన్ వేగం దానికి తగ్గట్టు తగ్గించగల కంట్రోలర్ ఉంటేనే ఆ పని పెట్టుకోవాలి.

ఒకే బయటి యూనిట్‌కు నాలుగైదు లోపలి యూనిట్లు తగిలించే మల్టీ స్ప్లిట్‌లో చోటు ఆదా అవుతుంది. బదులుగా బయటిది చెడితే ఇల్లంతా ఆగుతుంది. ఒక్క చిన్న గది నడిచేటప్పుడు పెద్ద కంప్రెసర్ తన కనిష్ఠం కన్నా కిందికి దిగలేదు. బయట చోటు ఉంటే పడకగదికొక జత, హాలుకొక జత పెట్టుకోవడమే మేలని మా అభిప్రాయం.

4. గాలి లెక్క, ఫ్యాన్ తోపు

ఇక్కడ కాస్త నిలబడి లెక్క చేయాలి. యంత్రం ఎంపిక నిజంగా తేలేది ఇక్కడే.

ఒక టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపు అడుగుల గాలి కావాలి. దీన్ని 400 సీఎఫ్ఎం అంటారు, గంటకు 680 ఘనపు మీటర్లు. తేమ ఎక్కువ ఉన్న చోట 350 వరకు తగ్గిస్తే కాయిల్ ఇంకా చల్లబడి తేమను ఎక్కువ తీస్తుంది. అంతకన్నా బాగా తగ్గితే కాయిల్ మీద మంచు కడుతుంది.

ఈ గాలిని డక్టు, వంపులు, గ్రిల్లు, ఫిల్టర్ గుండా నెట్టడానికి ఫ్యాన్‌కు కావలసిన తోపును ఎక్స్‌టర్నల్ స్టాటిక్ ప్రెజర్ అంటారు, పాస్కల్స్‌లో కొలుస్తారు. సన్న రకాలకు ఇది చాలావరకు 50 పాస్కల్ లోపే. మధ్య రకాలు 100 నుంచి 150 దాకా, పెద్దవి ఇంకా పైకి వెళ్తాయి. మీ ఇంటికి ఎంత కావాలో కూడికతో తెలుసుకోవచ్చు. 400 సీఎఫ్ఎం యంత్రానికి ఒక ఉదాహరణ:

- సప్లై డక్టు 6 మీటర్లు, రెండు వంపులు. ఒక్కో వంపు 5 మీటర్ల నేరు డక్టుతో సమానం అనుకుంటే మొత్తం 16 మీటర్లు. మీటరుకు 0.8 పాస్కల్ చొప్పున 13
- సప్లై గ్రిల్ 7
- రిటర్న్ డక్టు 4
- రిటర్న్ గ్రిల్ 6
- గ్రిల్ వెనక విడిగా పెట్టిన ఫిల్టర్, శుభ్రంగా ఉన్నప్పుడు 15
- ఆ ఫిల్టర్‌కు దుమ్ము పట్టినప్పటి అదనపు భారం 15

మొత్తం 60 పాస్కల్. ఈ ఇంట్లో 30 పాస్కల్ యంత్రం పెడితే అది తిరుగుతుంది, చల్లగానే వీస్తుంది, కానీ గ్రిల్ దగ్గర చెయ్యి పెడితే తప్ప గాలి తెలియదు. ఇక్కడ కావలసింది 60 పాస్కల్ దగ్గర 400 సీఎఫ్ఎం ఇచ్చే మోడలు. బ్రోషర్‌లో గాలి అంకె పక్కన అది ఏ ప్రెజర్ దగ్గర కొలిచిందో చూడండి. అది రాయకపోతే ఫ్యాన్ కర్వ్, అంటే ఏ ప్రెజర్ దగ్గర ఎంత గాలి వస్తుందో చూపే గీత పటం అడగండి. అమ్మే చోట అది ఇవ్వలేకపోతే తయారీదారు టెక్నికల్ డేటా పుస్తకంలో ఉంటుంది.

మరో చోట చాలామంది దెబ్బతింటారు. మంచి మోడళ్లలో ఈ తోపును గోడ కంట్రోలర్ నుంచో, బోర్డు మీది స్విచ్‌ల నుంచో పెంచవచ్చు. కొన్ని వాటంతట అవే సర్దుకుంటాయి. చేత్తో మార్చాల్సిన వాటిలో ఫ్యాక్టరీ సెట్టింగ్ తక్కువ దగ్గర ఉండిపోతుంటుంది. 100 పాస్కల్ ఇవ్వగల యంత్రాన్ని కొని 30 దగ్గర నడిపిస్తుంటారు, ఏసీ బాలేదని అనుకుంటుంటారు. కొనేముందు ఆ సెట్టింగ్ ఉందా అని, బిగించాక ఎంతలో పెట్టారని రెండుసార్లు అడగండి.

ఇంకా సన్నని దుమ్ముకు మెర్వ్ 13 (ఫిల్టర్ ఎంత సన్నని దుమ్ము పట్టగలదో చెప్పే రేటింగ్) లాంటి ఫిల్టర్ కావాలంటే దాని భారం ఈ కూడికలో ముందే ఉండాలి. తర్వాత తోచి పెడితే గాలి ఆగిపోతుంది. అలాంటి ఫిల్టర్‌కు వీలైనంత పెద్ద విస్తీర్ణం ఇవ్వండి, భారం తగ్గుతుంది.

5. తిరిగి వచ్చే గాలి

గదిలోకి ఎంత గాలి పోస్తే అంతే వెనక్కి రావాలి. ఈ చిన్న సంగతిని మరిచి చల్లగాలి గ్రిల్ అందంగా, పొడుగ్గా పెట్టి, రిటర్న్‌కు ఒక మూలన చిన్న జాలీ పెట్టి వదిలేస్తారు.

లెక్క ఇలా. 400 సీఎఫ్ఎం అంటే సెకనుకు 0.19 ఘనపు మీటర్లు. రొద రాకుండా ఉండాలంటే గ్రిల్ సందుల్లో గాలి వేగం సెకనుకు 1.5 మీటర్ల దగ్గర ఉండాలి. అంటే 0.126 చదరపు మీటర్ల తెరిచిన చోటు కావాలి. గ్రిల్‌లో రెక్కలు పోగా తెరిచి ఉండేది సుమారు 70 శాతం. కాబట్టి గ్రిల్ కొలత 0.18 చదరపు మీటర్లు, అంటే 600 × 300 మి.మీ. ఒకటిన్నర టన్నుకు 900 × 300. సీలింగ్ డిజైన్ కోసం చెక్క పట్టీల వెనక దీన్ని దాచాలనుకుంటే పట్టీల మధ్య తెరిచిన సందునే లెక్కించండి, బయటి చట్రాన్ని కాదు.

రిటర్న్ గ్రిల్ నుంచి యంత్రం వెనక మూతి దాకా రేకు పెట్టెతోనో డక్టుతోనో కలపాలి. ఖర్చు తగ్గుతుందని సీలింగ్ పైన ఉన్న ఖాళీనే రిటర్న్ దారిగా వదిలేస్తారు. అప్పుడు యంత్రం గది గాలితో పాటు శ్లాబు వేడినీ, సీలింగ్ పైని జిప్సం పొడినీ, దీపాల రంధ్రాల్లోంచి వచ్చే దుమ్మునూ పీల్చుకుంటుంది. గది గాలి 26 డిగ్రీలు ఉంటే కాయిల్‌కు చేరేసరికి 29 అవుతుంది. పైగా యంత్రంలోని ఉష్ణోగ్రత సెన్సర్ సాధారణంగా ఈ రిటర్న్ మూతి దగ్గరే ఉంటుంది. అది ఇంకా వేడిగా ఉందనుకుని కంప్రెసర్‌ను పరిగెత్తిస్తుంది, కింద పడుకున్నవాళ్లు వణుకుతారు. గోడ కంట్రోలర్‌లోని సెన్సర్‌ను వాడుకునే వీలున్న మోడలు ఎంచుకుని, ఆ సెట్టింగ్ మార్పించండి.

ఒకే యంత్రం రెండు గదులకు, రిటర్న్ మాత్రం నడవాలో ఉంటే తలుపుల సంగతి చూడాలి. తలుపు మూసిన గదిలోకి 200 సీఎఫ్ఎం పోస్తుంటే అది బయటికి పోవడానికి దారేది? తలుపు కింద 20 మి.మీ. సందు 750 మి.మీ. వెడల్పున ఉంటే, గదిలో ఒత్తిడి 3 పాస్కల్‌కు మించకుండా దాని గుండా పోయేది 40 సీఎఫ్ఎం చుట్టూ. మిగతాది పోలేక గది ఉబ్బినట్టవుతుంది, చల్లగాలి రావడం తగ్గుతుంది, కిటికీ సందుల్లోంచి చల్లదనం బయటికి పోతుంది. పరీక్ష తేలిక: యంత్రం నడుస్తుండగా తలుపును వేలెడు సందు ఉండేలా మూసి వదలండి. అది తనంత తాను బయటివైపుకు ఒరిగిందంటే గాలికి దారి లేదు. అలాంటి గదికి తలుపు పైన గోడలో సుమారు 400 × 250 మి.మీ. గ్రిల్ పెట్టాలి. మాటలు బయటికి వినపడకూడదంటే సీలింగ్ పైనుంచి వంపు తిరిగే చిన్న డక్టుతో గదినీ నడవానూ కలపాలి.

6. డక్టు

రేకు డక్టుకు ఇళ్లలో గాలి వేగం సెకనుకు 3 నుంచి 4 మీటర్లు దాటనివ్వకండి. 400 సీఎఫ్ఎంకు 300 × 200 మి.మీ. నేరు డక్టు సరిపోతుంది. కొమ్మలకు గుండ్రటివి అయితే 200 సీఎఫ్ఎంకు 8 అంగుళాలు, 100కు 6 అంగుళాలు. యంత్రం మూతికీ డక్టుకీ మధ్య 100 నుంచి 150 మి.మీ. కాన్వాస్ ముక్క ఉంటే అదురు రేకులోకి పాకదు.

ఫ్లెక్సిబుల్ డక్టు పని తేలిక చేస్తుంది కాబట్టే ఎక్కువ పాడవుతుంది. లోపల తీగ చుట్లు ఉన్న గొట్టాన్ని పూర్తిగా సాగదీసి బిగిస్తేనే లోపల నునుపుగా ఉంటుంది. 4 మీటర్లు చాలిన చోట 5 మీటర్లు పెట్టి వదులుగా ఉంచితే లోపలి పొర ముడతలు పడి, గాలికి అడ్డు రెండింతలైనా అవుతుంది. మిగిలిన ముక్కను కోసేయమని చెప్పండి. 1.2 నుంచి 1.5 మీటర్లకొక చోట కనీసం 38 మి.మీ. వెడల్పు పట్టీతో వేలాడదీయాలి. సన్న తీగతో కడితే ఆ చోట గొట్టం గొంతు నొక్కినట్టవుతుంది. వంపు తిప్పేచోట వ్యాసార్థం గొట్టం వ్యాసానికి తగ్గకూడదు.

అతుకులకు బట్ట టేపు వాడితే జిగురు ఎండి కొన్నాళ్లకు ఊడుతుంది. మాస్టిక్ (అతుకులు మూసే చిక్కటి జిగురు ముద్ద) పూసి, పైన అల్యూమినియం ఫాయిల్ టేపు వేయాలి. సీలింగ్ పైన కారిన చల్లగాలి మీ గదికి రాదు, అది సీలింగ్‌ను పైనుంచి చల్లబరిచి చెమ్మ మరకలు తెస్తుంది.

ఇక ఇన్సులేషన్. గాలి 30 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే 24 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీళ్లు పడతాయి. డక్టులో గాలి 12 నుంచి 14 డిగ్రీలు. అంటే తొడుగు లేని అర చెయ్యంత రేకు చాలు, బొట్లు బొట్లుగా కారడానికి. 19 నుంచి 25 మి.మీ. మూసిన రంధ్రాల నైట్రైల్ రబ్బరు లేదా ఫాయిల్ పొర ఉన్న గాజు ఉన్ని చుట్టి, ఫాయిల్ అతుకులన్నీ టేపుతో మూయాలి. వేడి అటకలో నడిచే డక్టుకు ఇంకా మందం కావాలి. ఎక్కువగా వదిలేసేవి మూడు చోట్లు: గ్రిల్ వెనకున్న రేకు పెట్టె, కాన్వాస్ దగ్గరి అంచు, వేలాడదీసిన పట్టీల కింద భాగం. గ్రిల్ మూలన వేలాడే ఒక్క నీటి బొట్టు కనిపిస్తే యంత్రం కారుతోందని కంగారు పడకుండా ముందు ఆ గ్రిల్ వెనక పెట్టెకు ఇన్సులేషన్ ఉందో లేదో చూడండి.

7. చల్లగాలి దిగే చోటు

గాలి నేరుగా మంచం మీద, కుర్చీ మీద పడకూడదు. సీలింగ్ వెంబడి పాకి ఎదుటి గోడ దాకా వెళ్లి కలిసిపోవాలి. సప్లై, రిటర్న్ పక్కపక్కనే ఉంటే చల్లగాలి గది చూడకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. వాటి మధ్య కనీసం ఒకటిన్నర రెండు మీటర్ల దూరం ఉంచండి. చోటు లేకపోతే సప్లై రెక్కలు రిటర్న్‌కు వ్యతిరేక దిశలో గాలిని దూరంగా విసిరేలా ఉండాలి. చలికాలంలో వేడికీ ఇదే యంత్రం వాడేవాళ్లు రెక్కల కోణం మార్చగల గ్రిల్ తీసుకోవాలి, వేడిగాలి పైనే తేలిపోతుంది కాబట్టి దాన్ని కిందికి నెట్టాలి.

8. నీరు

గది గాలిలోంచి తేమ తీసే పని ఒక కిలోవాట్ ఉంటే గంటకు లీటరున్నర నీరు కారుతుంది. ఒక రాత్రికి బకెట్ దాకా. ఇదంతా మీ సీలింగ్ పైన పుడుతుంది కాబట్టి డ్రెయిన్ విషయంలో రాజీ పడకండి.

వాలు మీటరుకు కనీసం 10 మి.మీ., మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు. 8 మీటర్లు వెళ్లాలంటే 80 మి.మీ. కిందికి దిగాలి. సీలింగ్‌లో అంత చోటు లేకపోతే లోపలే డ్రెయిన్ పంపు ఉన్న మోడలు కావాలి. అది నీటిని ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తుకు ఎత్తుతుందో స్పెసిఫికేషన్‌లో ఉంటుంది. పంపు చెడి నీటి మట్టం పెరిగితే యంత్రాన్ని ఆపే ఫ్లోట్ స్విచ్ ఉందేమో చూసుకోండి. డ్రెయిన్ పైపుకూ ఇన్సులేషన్ ఉండాలి, లేకపోతే అదీ చెమరుస్తుంది. మురుగు పైపులో నేరుగా కలిపితే వాసన వెనక్కి వస్తుంది. యంత్రం దగ్గర ట్రాప్ (నీళ్లు నిలిచి గాలిని ఆపే పైపు వంపు) కావాలా వద్దా అన్నది ఫ్యాన్ కాయిల్‌కు ముందుందా వెనకుందా అన్నదాన్ని బట్టి మారుతుంది, అందుకే ఆ మోడలు మాన్యువల్‌లో ఉన్నట్టే చేయించండి.

యంత్రం కింద, పెట్టె కన్నా అన్ని వైపులా 50 మి.మీ. పెద్దదైన రేకు పళ్లెం, అందులో ఒక ఫ్లోట్ స్విచ్ అదనంగా పెట్టిస్తే మొదటి డ్రెయిన్ మూసుకుపోయిన రోజున సీలింగ్ తడవదు.

9. మోడళ్లు పోల్చేటప్పుడు

ఇప్పటికి మీ చేతిలో కొన్ని అంకెలు ఉంటాయి: కావలసిన కిలోవాట్లు, సీఎఫ్ఎం, పాస్కల్స్, పెట్టె పెట్టగల కొలతలు, పైపుల పొడవు. వీటితో చూస్తే యాభై మోడళ్లలో రెండు మూడే మిగులుతాయి. వాటి మధ్య చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

శబ్దం అంకె ఏ ఫ్యాన్ వేగం, ఏ ప్రెజర్ దగ్గర ఇచ్చారో చూడండి. పడకగదికి తక్కువ వేగంలో 25 డెసిబెల్స్ చుట్టూ ఉంటే బాగుంటుంది. అయితే గ్రిల్ సరిగ్గా యంత్రం కిందే ఉంటే ఆ అంకెకు అర్థం లేదు. రిటర్న్ దారిలో ఒక్క వంపు, లోపలివైపు శబ్దాన్ని పీల్చే పొర ఉంటే రొద బాగా తగ్గుతుంది.

విద్యుత్ పొదుపుకు సీజన్ మొత్తానికి ఇచ్చే రేటింగ్ చూడండి. ఒకే సామర్థ్యం ఉన్న గోడ ఏసీ కన్నా డక్టెడ్‌ది సాధారణంగా తక్కువే ఉంటుంది, ఫ్యాన్ ఎక్కువ కష్టపడాలి కాబట్టి.

రిఫ్రిజెరెంట్ (పైపుల్లో తిరిగే గ్యాస్) ఆర్-32 అయితే భూతాపం పెంచే గుణం, కార్బన్ డయాక్సైడ్‌ది 1 అనుకుంటే, 675, పాత ఆర్-410ఏ అయితే 2,088. ఆర్-32కు స్వల్పంగా మండే గుణం ఉంది కాబట్టి చిన్న గదిలో ఎంత గ్యాస్ ఉండవచ్చో మాన్యువల్‌లోని పట్టికతో సరిచూడాలి.

కాపర్ పైపుకు గరిష్ఠ పొడవు, ఎత్తు తేడా, అదనపు గ్యాస్ లేకుండా ఎన్ని మీటర్లు వెళ్లవచ్చు అన్న మూడు అంకెలూ రాసుకోండి. ఒక టన్నుకు సాధారణంగా పావు అంగుళం, మూడు ఎనిమిదో వంతు అంగుళం పైపులు. గోడలో ముందే దాచిన పాత పైపు కొలత వేరైతే దాన్ని వాడకండి.

10. చెయ్యి పట్టే చోటు

సర్వీస్ తలుపు విషయంలో సీలింగ్ డిజైనర్‌తో గొడవ పడాల్సి వచ్చినా పడండి. 300 × 300 కన్నంలోంచి ఫిల్టర్ తీయవచ్చేమో గానీ బ్లోయర్ మోటారు దిగదు, కాయిల్ కడగలేరు. కనీసం 600 × 600, వీలైతే పెట్టె అంత పొడవున్న తలుపు యంత్రం కిందే ఉండాలి. కరెంటు బోర్డు ఉన్న పక్కన మనిషి చేతులు, తల పట్టేంత ఖాళీ వదలాలి. రొద అంతగా పట్టించుకోని చోట రిటర్న్ గ్రిల్‌నే కీలుతో తెరిచే తలుపుగా చేస్తే రెండు పనులూ ఒకదానితో అయిపోతాయి, సీలింగ్‌లో అదనపు గీత కూడా కనిపించదు.

11. సీలింగ్ మూసేముందు

బోర్డు బిగించాక ఏదీ కనిపించదు. అందుకే ఈ వరస పూర్తయ్యేదాకా సీలింగ్ పనివాళ్లను ఆపండి.

1. యంత్రం బరువు 20 నుంచి 35 కిలోలు. నాలుగు 10 మి.మీ. రాడ్లకు, రబ్బరు వాషర్లతో, శ్లాబులోకి దిగిన యాంకర్లకే వేలాడాలి, సీలింగ్ చట్రానికి కాదు. స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి, ఒరిగితే డ్రెయిన్ వైపుకే ఒరగాలి.
2. పైపుల్లో నైట్రోజన్ నింపి, మాన్యువల్‌లో రాసిన ఒత్తిడి దగ్గర, 24 గంటలు వదలండి. ఈ రిఫ్రిజెరెంట్లకు అది 40 బార్ చుట్టూ ఉంటుంది. గేజ్ ఫొటో మొదట ఒకటి, చివర ఒకటి తీయండి.
3. వాక్యూమ్ పంపుతో 500 మైక్రాన్ల (వాక్యూమ్‌ను కొలిచే చాలా చిన్న ఒత్తిడి కొలత) కిందికి తీసుకెళ్లి, పంపు ఆపాక నిలుస్తుందో లేదో చూడాలి. దీనికి మైక్రాన్ గేజ్ కావాలి, మామూలు గేజ్‌లో ఇది తెలియదు. కొంచెం గ్యాస్ వదిలి గాలిని తోసేస్తామనే పద్ధతికి ఒప్పుకోకండి.
4. డ్రెయిన్ పళ్లెంలో రెండు లీటర్ల నీళ్లు పోసి, చివర బయటికి వచ్చేదాకా నిలబడి చూడండి. పంపు ఉంటే కరెంటు ఇచ్చి అది ఎత్తడం చూడాలి.
5. ఫ్యాన్‌ను పూర్తి వేగంలో నడిపి డక్టు అతుకుల చుట్టూ తడి చెయ్యి తిప్పండి. కారుతున్న చోట చెయ్యి చల్లబడుతుంది.
6. పైపులు, డక్టు, డ్రెయిన్, తీగల దారి మొత్తం కొలత టేపు కనిపించేలా ఫొటోలు తీసి దాచండి. రేపు ఫ్యాన్ కొక్కెం కోసం డ్రిల్ వేసేవాళ్లకు ఇవే దిక్కు.

పుట్టీ రుద్దే పని అయిపోయేదాకా ఏసీ వేయకండి, గ్రిల్లన్నీ ప్లాస్టిక్ షీటుతో మూసి ఉంచండి. ఆ మెత్తటి పొడి తడి కాయిల్ మీద పడి సిమెంటులా గట్టిపడుతుంది, తర్వాత ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా వదలదు.

12. అప్పగించే రోజు కొలతలు

ఇరవై నిమిషాలు నడిచాక సప్లై గ్రిల్ దగ్గర, రిటర్న్ గ్రిల్ దగ్గర థర్మామీటరు పెట్టండి. తేడా 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటే బాగున్నట్టు. 15 దాటితే సంతోషించకండి, గాలి తక్కువ వస్తోందని అర్థం. 5 దగ్గరే ఉంటే గ్యాస్ సంగతి, రిటర్న్‌లోకి వేడిగాలి చొరబడుతోందా అన్న సంగతి చూడాలి. అయితే ఇన్వర్టర్ నెమ్మదించి నడుస్తున్నప్పుడు తేడా తగ్గడం సహజం, కాబట్టి సెట్ చేసిన ఉష్ణోగ్రత బాగా తగ్గించి పూర్తి జోరులో కొలవండి.

చిన్న ఎనిమోమీటర్‌తో రిటర్న్ గ్రిల్ మీద తొమ్మిది చోట్ల గాలి వేగం కొలిచి సగటు తీసి, గ్రిల్ విస్తీర్ణంతో హెచ్చిస్తే ఎంత గాలి తిరుగుతోందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 600 × 300 గ్రిల్ ముఖం మీద సెకనుకు ఒక మీటరు కాస్త పైన వస్తే 400 సీఎఫ్ఎం దగ్గరే ఉన్నారు. అరమీటరే వస్తే ముందు ఫ్యాన్ సెట్టింగ్, తర్వాత నలిగిన డక్టు, ఆ తర్వాత ఫిల్టర్, ఈ వరసలో వెతికించండి.

ఆ రోజు వచ్చిన రెండు ఉష్ణోగ్రతలూ, గాలి వేగమూ, ఫ్యాన్ సెట్టింగ్ అంకె, కలిపిన గ్యాస్ గ్రాములూ ఒక కాగితం మీద రాసి సర్వీస్ తలుపు లోపలివైపు అంటించండి. ఏడాది తర్వాత చల్లదనం తగ్గినట్టు అనిపిస్తే అవే చోట్ల మళ్లీ కొలవండి. గాలి వేగం తగ్గి ఉష్ణోగ్రతల తేడా పెరిగితే ఫిల్టర్, కాయిల్ కడగాలి. గాలి అంతే ఉండి తేడా తగ్గితే గ్యాస్ కారుతున్న చోటు వెతకాలి, అది దొరికి అతికాకే గ్యాస్ నింపించాలి.